పుట్టి ముసలమ్మ లేని నాలుగో భాగం

మా అక్క మనవరాలు ఎండాకాలం సెలవులకు వచ్చి, ఇటుకంత పుస్తకం ఒకటి నా ఒళ్లో పడేసింది. పిల్లల మాయల కథట. వరసలో ఇది ఐదో భాగమట. బడిలో పుస్తకాల క్లబ్బు ఒకటి పెట్టారట, ఈ భాగంలో మంచేమిటి, చెడేమిటి అని ఇంట్లో పెద్దవాళ్లను కూడా అడిగి రాసుకు రమ్మన్నారట. "చిన్నమ్మమ్మా, నువ్వు మస్తు బుక్స్ చదువుతవ్ కదా, నాకు పాయింట్స్ చెప్పు" అని ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయింది. పుస్తకం ఆమెది, క్లబ్బు ఆమెది, మెడనొప్పి మాత్రం నాది.

చదివాను. చదవకుండా పాయింట్లు చెప్పే తెలివి నాకు లేదు కాబట్టి మధ్యాహ్నం నిద్రలు మానుకుని మరీ చదివాను. మొదట్లో బాగానే ఉంది. మంచు కురిసే ఊళ్లో గడియారాలన్నీ ఒకేసారి ఆగిపోవడం, ఆగిన గడియారాల్లో పిట్టలు గూళ్లు పెట్టడం చదివినప్పుడు రాసిన చేతికి దండం పెట్టాలనిపించింది. ఆ తర్వాత మొదలైంది తంతు. కొత్త మనుషులు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారు. వాళ్ల పేర్లు నాకు నోరు తిరిగేలోపు చచ్చిపోయారు. కథలో పిల్లవాడికి ప్రతి పేజీలో కోపమే. ఎందుకు కోపమో వాడికీ తెలియదు, రాసినవాళ్లకూ తెలియదు. యుద్ధం, యుద్ధం మధ్యలో ఉపన్యాసం, మళ్లీ యుద్ధం. తీరా చివరికి వస్తే కథ తెగలేదు, మిగతాది ఆరో భాగం కొనుక్కుని చదవాలట.

మొదటి భాగం రాసేటప్పుడు ఉండే భయభక్తులు తర్వాతి భాగాలకు వచ్చేసరికి వీళ్లకు ఉండవు. చదివేవాళ్లు ఎటూ పోరులే అనుకుంటారు. పోరని ఎవరు చెప్పారు? పోయేవాళ్లను నేను కళ్లారా చూశాను. నా చిన్నప్పుడు ఇట్లాంటి కథల వరసలోనే ఒక నాలుగో భాగం వచ్చి, మా కల్లంలో కూలీలను చెదరగొట్టి, మా అక్క పదో తరగతి పరీక్షకే ఎసరు పెట్టింది. ఆ పుస్తకాల పేరు చెప్పను. రాసినాయనకు పేరు పెట్టి తిట్టేంత మర్యాద కూడా ఇవ్వబుద్ధి కావడం లేదు.

మా కల్లం ఆర్మూర్ నుంచి బాల్కొండ పోయే దారిలో, ఊరు దాటీ దాటని చోట ఉండేది. పసుపు తవ్వకాలు మొదలైతే ఇంట్లో పిల్లి కూడా ఉండేది కాదు, అందరం కల్లంలోనే. తవ్విన గడ్డలు బండ్ల మీద వచ్చి కుప్పలు పడేవి. ఒక్కొక్క గడ్డ పట్టుకుని కొమ్ములు విరవాలి, వేళ్లు పీకాలి, మట్టి దులపాలి, తల్లిగడ్డ ఒకవైపు, కొమ్ములు ఒకవైపు వేయాలి. ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మెరుగు పట్టడం అన్నీ ఆ తర్వాతే. ఈ విరిచే పని ఆడవాళ్లది. నడుముకు ఎంత నొప్పో మనసుకు అంతకన్నా విసుగు. ఒకే పని, ఒకే చప్పుడు, పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా. కుప్ప అట్లాగే ఉంచితే పచ్చి పసుపు వాడిపోతుంది, అడుగున ఉన్నది మెత్తబడుతుంది. అందుకే ఆ రోజుల్లో కూలి ఆడవాళ్ల గుంపును దక్కించుకున్న రైతుకే నిద్ర పట్టేది.

వాసనలు మాత్రం ఇప్పటికీ ముక్కులోనే ఉన్నాయి. పచ్చి పసుపు విరిచినప్పుడు వచ్చే ఘాటు వేరు, కాగులో ఉడికేటప్పుడు వచ్చే తియ్యటి మట్టి వాసన వేరు. కాగు కింద ఎండిన పసుపు ఆకు మండుతుంటే ఆ పొగకు కళ్లు మండేవి, ఆకలి కూడా అయ్యేది. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎవరి సద్దిలోనో మక్కజొన్న గటక. అన్నీ పసుపు చేతులతోనే తినేవాళ్లం కాబట్టి అన్నిటికీ అదే రంగు. నా పని వేళ్లు పీకడం. నేను వేళ్లు పీకడం తక్కువ, నాయినమ్మ దాచిన బెల్లం ముక్కలు పీక్కుతినడం ఎక్కువ. కల్లంలో నాయినమ్మ మాటే మాట. బాపు ఆమెకు కొడుకు, అంతే.

నేను కుదురుగా కూర్చోవడం లేదని అక్క నాకు కథ చదివి వినిపించడం మొదలుపెట్టింది. బస్టాండు వెనక సోడాలు, బీడీలు అమ్మే ఒకాయన పుస్తకాలు అద్దెకు కూడా ఇచ్చేవాడు. అక్కడినుంచి తెచ్చింది మొదటి భాగం. నాకోసం మెల్లగా చదువుతుంటే, పక్కన కొమ్ములు విరుస్తున్న ఆడవాళ్లు చెవులు ఇటు పెట్టారు. ఆ గుంపుకు పెద్దగా ఉన్నామెను మేమంతా పెద్దవ్వ అనేవాళ్లం. ఆదివారం చర్చికి పోయి ప్రార్థన అయ్యాక పనికి వచ్చేది, మిగతా రోజులు అందరికన్నా ముందు వచ్చేది. గొంతు గట్టిది, చేయి ఇంకా గట్టిది. ఆ చదివేదేదో తాము కూడా వింటాము, జర గట్టిగా చదవమని అడిగింది. నాయినమ్మ మొదట గొణిగింది. సాయంత్రం చూస్తే కుప్ప రోజూ కన్నా ఎక్కువ తగ్గింది, తంబాకు పేరు చెప్పి ఒక్కరూ లేచిపోలేదు. మర్నాడు ఆమే అక్కకు పీట వేసి, పక్కన మంచినీళ్ల చెంబు పెట్టింది. మా వంశంలో పుస్తకానికి దక్కిన మొదటి గౌరవం ఆ పీట.

అట్లా మొదటి భాగం, రెండో భాగం అయ్యాయి. మరుసటి ఏడు మూడో భాగం అయింది. మేం తిరిగిచ్చిన పుస్తకాలకు పుటపుటకూ పచ్చటి వేలిముద్రలు ఉండేవి. దుకాణమాయన మొదట్లో తిట్టి, తర్వాత మాకిచ్చే పుస్తకాలకు వేరే అర పెట్టుకున్నాడు.

కథేమిటంటే, ఒక పిల్ల తమ్ముణ్ని నీడల దొర ఎత్తుకుపోతాడు. వాడి రాజ్యం నదికి అవతల ఉంటుంది. ఆ నది దాటాలంటే ఒక్కటే దారి, ఒక ముసలమ్మ నడిపే పుట్టి. వెదురు తట్టకు తోలు బిగించిన గుండ్రటి పడవ అది, మా గోదావరి ఒడ్డున చేపలు పట్టేవాళ్ల దగ్గర అందరూ చూసిందే. ఈ ముసలమ్మకు పళ్లు లేవు, నోరు మాత్రం ఉంది. పిల్లను ఎక్కించుకున్న దగ్గర్నుంచి దింపే దాకా తిడుతూనే ఉంటుంది, దింపేటప్పుడు కొంగున కట్టిన జొన్నరొట్టెలో సగం విరిచి చేతిలో పెడుతుంది. ప్రతి భాగంలోనూ అంతే. ఆమె వచ్చే పుటలు లెక్కేస్తే పిడికెడు కూడా ఉండవు. కానీ మా కల్లంలో కథంటే ఆమే. నీడల దొర మాయలకు ఆడవాళ్లు నోరు తెరిచి వినేవాళ్లు, ముసలమ్మ వస్తే మాత్రం ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లు. తమ మేనత్త అచ్చం ఇట్లాగే ఉండేదని ఒకామె, కాదు తన అత్త ఇట్లాగే తిట్టేదని ఇంకొకామె. పళ్లు లేనిది జొన్నరొట్టె ఎట్లా తింటుందని మధ్యాహ్నం సద్దుల దగ్గర పెద్ద వాదం నడిచింది, పులుసులో నానబెట్టుకుంటుందని తేల్చారు.

ఆ మరుసటి ఏడు నాలుగో భాగం వచ్చింది. ఆ ఏడే అక్కకు పదో తరగతి. ఆడవాళ్ల గుంపు వేరే కల్లాలు పిలిచినా పోకుండా మా దగ్గరికే వచ్చింది. ఎందుకు వచ్చిందో నాయినమ్మకు తెలుసు. అక్కకు పీట ముందే సిద్ధంగా ఉంది.

నిజం చెప్పాలంటే నాలుగో భాగం మొత్తం చెడ్డది కాదు. ఈ న్యాయం ఆ రాసినాయనకు చేయాల్సిందే. మొదట్లో నీడలమ్మే అంగడి ఒకటి వస్తుంది. మనుషులు తమ నీడలను బట్టలా మడిచి తెచ్చి అమ్ముకుంటుంటారు. ఒక తల్లి కొడుకు మందుకోసం తన నీడ అమ్మేస్తుంది. కొడుకు బతుకుతాడు, కానీ ఎండలో నడుస్తూ తల్లి నీడలో నిలబడదామని చూస్తే నీడ ఉండదు. అది చదివిన రోజు కల్లంలో చేతులు ఆగిపోయాయి. నాయినమ్మ కేకేస్తే గానీ మళ్లీ కదలలేదు. నీడల దొరకు కూడా ఒక అమ్మ ఉందని, ఆమె వాడికి భయపడుతుందని రాశాడు. అదీ బాగుంది. అంత బాగా రాసిన మనిషి ఆ తర్వాత ఏం పాడైపోయాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏం చేశాడంటే, కథలో పిల్లకు ఒక పెద్ద గద్దను ఇచ్చాడు. దాని మీదెక్కి ఎగిరిపోతుంది. ఇక నది దాటే పనేముంది, పుట్టితో అవసరమేముంది? ముసలమ్మ గురించి ఒక్క ముక్క లేదు. చచ్చిపోయిందని కూడా రాయలేదు, చస్తే చచ్చిందని ఏడ్చుకుని ఊరుకునేవాళ్లు. ఉన్నదో లేదో చెప్పకుండా మరిచిపోయాడు. ఆమె బదులు రాజులు, రాజుల మామలు, సేనాపతులు, అందరికీ ఒకే గొంతు. ఈటెలు, డాళ్లు, మళ్లీ ఈటెలు.

ఆడవాళ్లు మొదట ఓపిగ్గా ఎదురుచూశారు. రేపు వస్తుందేమో అనుకున్నారు. తర్వాత అడగడం మొదలుపెట్టారు. అక్క అప్పటికి రాబోయే పుటలు చదవలేదు, వస్తుందిలే అనేది. నాకు ఆగక, రాత్రి అక్క పడుకున్నాక మొత్తం తిరగేసి, ముసలమ్మ ఎక్కడా లేదని పొద్దున అక్కకు చెప్పాను. చెప్పినందుకు నాకో మొట్టికాయ పడింది. రాసినాయనకు పడాల్సింది.

ఒక సాయంత్రం పెద్దవ్వ చేతిలో గడ్డ పక్కన పెట్టి అడిగింది. "గా ముసల్ది ఏడవోయింది బిడ్డా? జర నిజం జెప్పు. నువ్వు గిట్ల దాటేసి సదువుతున్నవా ఏంది?"

అక్క దాటేయడం లేదని చెప్పింది. ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు. పుస్తకం రాసినాయన ఎక్కడో ఉన్నాడు, వాళ్లకు కనిపించేది అక్క. ఆయన మీది కోపమంతా అక్క మీదికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే మాకు కొంత దూరంలో కొత్తగా కల్లం వేసిన రైతు ఒకాయన దుబాయి నుంచి తమ్ముడు తెచ్చిన టేప్‌రికార్డర్ తెచ్చి చింతకొమ్మకు వేలాడదీశాడు. పొద్దంతా పాటలే. గాలి ఇటు తిరిగితే మాక్కూడా వినిపించేవి. మా గుంపులో పడుచువాళ్లు కొందరు రోడ్డు దాటి ఆ కల్లానికి పోయారు. ఈటెలు, డాళ్లు వినేకన్నా పాటలు వినడం మేలు కదా. వాళ్లను నేను తప్పు పట్టను. కానీ మా కుప్ప కదలడం మానేసింది. ఆ సాయంత్రం నాయినమ్మ కుప్ప చుట్టూ తిరిగి, అడుగునుంచి ఒక గడ్డ తీసి నొక్కి చూసి, అక్కను పిలిచింది.

ఒంటిపూట బడి కూడా మానేసి పొద్దునుంచీ కల్లంలోనే ఉండమన్నది. రోజంతా చదివితే పోయినవాళ్లు తిరిగి వస్తారని ఆమె లెక్క. అక్క పరీక్షలు దగ్గరికి వచ్చాయని గొణిగింది.

"పరీచ్చ సెప్టెంబర్ల మల్ల పెడ్తరట గద" అన్నది నాయినమ్మ. "గప్పుడు రాయి. పసుపు ఆగుతదా సెప్టెంబర్ దాంక?"

అక్క బాపు వైపు చూసింది. బాపు బీడీ వెలిగించుకోవడానికి పొయ్యి దగ్గరికి పోయాడు. సెప్టెంబర్ అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా చిన్నత్త కూడా పదో తరగతి సెప్టెంబర్‌లో రాస్తుందనే అన్నారు. ఆ సెప్టెంబర్ రాలేదు. చిన్నత్త ఇప్పటికీ బస్సు బోర్డు చదివి చూపిస్తుంటుంది, తనకు చదువు వచ్చని. అక్కకు టీచర్ కావాలని ఉండేది. ఈ ఒక్కసారి ఆగితే ఇంక అంతే అని ఆమెకు తెలుసు, అందుకే ఏడుపు రాకుండా పెదవి కొరుక్కుంది.

మర్నాడు అక్క తెగించింది. పుస్తకంలో రెండు సైన్యాలు ఎదురుపడే చోట ఉన్నాం. నేను ఆమె భుజం మీదుగా పుట చూస్తూనే ఉన్నాను, అక్కడ ఈటెలే ఉన్నాయి. అక్క నోట్లోంచి మాత్రం ముసలమ్మ వచ్చింది. పుట్టితో సహా యుద్ధం మధ్యలోకి వచ్చింది. నీళ్లు లేని చోట పుట్టి ఎట్లా నడిచిందని వెంటనే ఎవరో అడిగారు. నడిపించలేదు, నెత్తిన బోర్లించుకుని నడుచుకుంటూ వచ్చిందని అక్క తడుముకోకుండా చెప్పింది. పైనుంచి పడుతున్న బాణాలు ఆ తోలుకు గుచ్చుకుంటున్నాయట, తోలు పాడైపోతుందని ఆమె రెండు సైన్యాలనూ తిడుతున్నదట. కల్లమంతా పగలబడి నవ్వింది. నేను నోరు మూసుకున్నాను.

అది మొదలు ముసలమ్మ రోజూ వచ్చింది. ఆమె గద్దతో కొట్లాడింది, రెక్కలు దులపకు నా రొట్టెలో ఈకలు పడుతున్నాయని. నీడల దొర అమ్మ దగ్గర కూర్చుని కొడుకులను పెంచడం గురించి చీవాట్లు పెట్టింది. కొన్ని రోజులకు ఆడవాళ్లే దిద్దడం మొదలుపెట్టారు. ఆమె ఆ మాట అనదు, ఇట్లా అంటుంది అని చెప్పేవాళ్లు. వాళ్లు చెప్పింది అక్క చెప్పినదానికన్నా బాగుండేది. రోడ్డు దాటి పోయిన పడుచువాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు, పాటలన్నీ మళ్లీ మళ్లీ అవే వస్తున్నాయట.

దీంతో అక్క కష్టం తీరిందనుకుంటే పొరపాటు. ఇంత బాగా నడుస్తుంటే మధ్యలో వదిలేయడమేమిటని నాయినమ్మ ఇంకా బిగిసింది. పైగా లెక్కలు చేసుకోవాల్సిన పిల్ల రేపు ముసలమ్మ ఏం చేయాలో ఆలోచిస్తూ కూర్చునేది. నాలుగో భాగం రాసినాయన చేయని పని ఇంటి పని అయి అక్క నెత్తిన పడింది. ఆయనేమో ఎక్కడో హాయిగా ఐదో భాగం రాసుకుంటున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం తగ్గదు.

పరీక్షలు రేపనగా మధ్యాహ్నం, అక్క చదువుతూ చదువుతూ ఆగిపోయింది. పుస్తకం ఒళ్లో మూసేసి తల దించుకుంది. ఏమైందని పెద్దవ్వ అడిగితే ఏం లేదన్నది. నాకు చిన్నప్పటినుంచీ కడుపులో మాట ఆగదు. రేపటినుంచి అక్కకు పరీక్షలని, అక్క పోతే మీరంతా పాటల కల్లానికి పోతారని నాయినమ్మ పంపడం లేదని, అక్క టీచర్ కాదని, అన్నీ ఒక్క ఊపున చెప్పేశాను.

పెద్దవ్వ కొంగు దులుపుకుని లేచింది. నాయినమ్మ కాగు దగ్గర గరిటె పట్టుకుని ఉంది, అన్నీ విన్నది.

"అక్కా, మేం పోతమని నీకెవలు జెప్పిండ్రు?" అని నాయినమ్మనే అడిగింది పెద్దవ్వ.

"ఎవలో జెప్పాల్నా? పోయినోళ్లను జూడలేదా నేను."

"పోయినోళ్లు ఒచ్చిండ్రు గద. పిల్లను పరీచ్చకు తోలు. కుప్ప ఆగితే నన్నడుగు." అని ఆగి, అక్క వైపు తిరిగింది. "గా ముసల్ది పుస్తకంల లేదని మాకెర్కనే బిడ్డా. పుట తిప్పకుంటనే పొద్దుమీకె దాంక సదువుతవ్. మాకు సదువు రాదు గని, కండ్లయితె ఉన్నయ్. నువ్వు వోయి రాసి రా. ముసల్దాన్ని మేం జూసుకుంటం."

అక్క ముఖం ఎర్రబడింది. నాయినమ్మ కాగులో పసుపును కాసేపు ఊరికే కలిపింది. తర్వాత ఎటో చూస్తూ, తలకు నూనె పెట్టుకుని పొమ్మని అక్కతో అన్నది. ఆమె ఒప్పుకోవడం ఎప్పుడూ అట్లాగే ఉండేది.

మర్నాటినుంచి అక్క పొద్దున్నే పరీక్షకు పోయేది. మా బడిలోనే పరీక్షలు కాబట్టి చిన్న తరగతులకు సెలవు, నేను కల్లంలోనే. ఆడవాళ్లు వంతులు వేసుకుని కథ చెప్పారు. ఒకామె ముసలమ్మను సంతకు తీసుకుపోయింది, ఒకామె ఆమెకు పెళ్లి చేయబోయి అందరితో తిట్లు తిన్నది. మధ్యాహ్నం అక్క రాగానే ఈ పొద్దు ఏమైందని నన్నడిగేది, నేను చెప్పేదాన్ని.

లెక్కల పరీక్ష రోజు పెద్దవ్వ వంతు వచ్చింది. ఆమె అప్పటిదాకా దిద్దడమే కానీ చెప్పలేదు. చేతులు ఆపకుండా, గొంతు పెంచకుండా చెప్పింది. పిల్లకు గద్ద దొరికిన సంగతి ముసలమ్మకు తెలియదట. రోజూ రొట్టె చేసి, కొంగున కట్టుకుని ఒడ్డున కూర్చునేదట. పొద్దుగూకే దాకా చూసి లేచి పోయేదట. ఒకనాడు దారిన పోయేవాళ్లు చెప్పారట, ఆ పిల్ల ఇప్పుడు మీదినుంచే ఎగిరిపోతున్నది, ఇంక నీ పుట్టి ఎక్కదు అని. ముసలమ్మ తలెత్తి చూసిందట. ఆమె కళ్లకు అంత ఎత్తు ఆనదు. అయినా చాలాసేపు చూసిందట.

పెద్దవ్వ అప్పుడు తలెత్తి, అక్క పరీక్షకు పోయిన రోడ్డు వైపు చూసింది. "మంచిగైంది అన్నదట. పుట్టిల కూసుంటె కాళ్లు తడుస్తుండె పిల్లకు. ఇగ తడువయ్ అన్నదట."

ఆ తర్వాత ముసలమ్మ పుట్టిని ఒడ్డున బోర్లించి దాని నీడన కూర్చున్నదట. మర్నాడు మళ్లీ రొట్టె చేసిందట. సగం తిని, సగం కొంగున కట్టుకున్నదట.

అంతే కథ. అందరూ ఏడ్చారు. పడుచువాళ్లు ఏడ్చారు, నవ్వుతూ పెళ్లి చేయబోయినామె ఏడ్చింది. నాయినమ్మ కూడా కళ్లు తుడుచుకుని పొగ అన్నది, పొయ్యి అప్పటికింకా వెలిగించలేదు. నేను ఏడవలేదు. ఏడవాల్సిందేముందో నాకు తెలియలేదు, బెల్లం తింటున్నాను.

మధ్యాహ్నం అక్క వచ్చింది. వేళ్లమీద సిరా, సిరా కింద పసుపు. అందరి కళ్లూ ఉబ్బి ఉండటం చూసి, ఏమైందని నన్ను పక్కకు లాగింది. ముసల్ది పుట్టి బోర్లేసుకుని దాని నీడన కూర్చున్నదని చెప్పాను. అంతేనా అన్నది. అంతే అన్నాను. నెత్తి కొట్టుకుని పెద్దవ్వ దగ్గరికి పోయి, మళ్లీ చెప్పమని బతిమాలింది. పెద్దవ్వ నవ్వి, అది పొద్దున నోటికొచ్చిన మాట, ఇప్పుడు ఎక్కడినుంచి తేవాలన్నది. లెక్కలు మంచిగా రాశావా అని అడిగింది.

కుప్పలు అయిపోయాయి, గుంపు వేరే ఊరికి పోయింది. అక్క పాసైంది. తర్వాత చదువుకు నిజామాబాద్ పోయింది, అనుకున్నట్టే టీచర్ అయింది. ఆ పరీక్షల మరుసటి ఏడే ఐదో భాగం వస్తే పీట మీద నేను కూర్చున్నాను. ముసలమ్మ అందులోనూ లేదు, ఆ మహానుభావుడికి అసలు గుర్తే లేదు. నాకేమో అక్కలాగా కల్పించడం చేతకాదు, ఉన్నది ఉన్నట్టు చదివాను. ఒక పూట విని, చదివింది చాలు గానీ జర మంచినీళ్లు తెచ్చిపెట్టు బిడ్డా అన్నది పెద్దవ్వ. ఆ పుస్తకం గురించి అంతకన్నా మంచి విమర్శ నేను చూడలేదు.

ఇప్పుడు పసుపు ఉడకబెట్టడానికి ఆవిరి మిషన్లు వచ్చాయి. ఆ రోడ్డు మీద మా కల్లం ఉన్నచోట ఫంక్షన్ హాలు ఉంది. పుస్తకాల దుకాణం పోయింది, నాయినమ్మ పోయింది, పెద్దవ్వ పోయింది. ఆ పొద్దు కల్లంలో కూర్చున్నవాళ్లలో ఇప్పుడు నాకు తెలిసి నేనొక్కదాన్నే మిగిలాను. విన్నవాళ్లలో కథ చెప్పడం చేతకాని మనిషి ఎవరో వెతికి మరీ మిగిల్చినట్టు మిగిలాను. రిటైరైన దగ్గర్నుంచి అక్క ఫోన్ చేసినప్పుడల్లా తిప్పి తిప్పి అక్కడికే వస్తుంది. ఆ పొద్దు పెద్దవ్వ ఏం చెప్పింది, ఎట్లా మొదలుపెట్టింది, ఏ మాట దగ్గర ఆగింది. నేను చెబుతాను. నా నోట్లో అది రెండు ముక్కలైపోతుంది. అక్క విసుక్కుంటుంది, నేనూ విసుక్కుంటాను.

ఈసారి నోటితో కాదని, కూర్చుని ఇదంతా రాసి, అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను. మధ్యలో అడ్డం రాకుండా చివరిదాకా విన్నది. పెద్దవ్వ ఏమన్నదో చెప్పినవ్ గానీ ఎట్లా అన్నదో చెప్పడం నీతోటి కాలేదన్నది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కల్లమంతా ఒక్కటై నిన్ను పరీక్షకు పంపింది, పోయి రాశావు, పాసయ్యావు, కోరుకున్న ఉద్యోగం చేశావు, ఇంకా ఆ ఒక్క పొద్దు కోసం నా ప్రాణం తీస్తావెందుకు అని అడిగాను.

"పాసైన" అన్నది అక్క. "గని నాకోసం జెప్పిన కథ, నేనొక్కదాన్నే ఇనలే."